షట్టర్ దించాక కూడా తిరిగే మీటరు: దమ్మాయిగూడ దుకాణదారులకు కరెంటు చిట్కాలు

ఎల్ఈడీ వేస్తే తక్కువ కాలుతుందనీ, ఫ్రిజ్ తలుపు మాటిమాటికీ తీయకూడదనీ దమ్మాయిగూడలో ఏ కిరాణా కొట్టు కుర్రాణ్ణి అడిగినా చెబుతాడు. తెలిసీ ఎందుకు చెయ్యం అన్నదే అసలు చిక్కు. పొద్దున పాల ట్రేలు దించుకున్నది మొదలు రాత్రి షట్టర్ దించేదాకా గిరాకీ, ఉద్దెర పద్దులు, సప్లయర్ల ఫోన్లు. వీటి మధ్య మీటరు గుర్తొచ్చేది నెలకోసారి, బిల్లు చేతికొచ్చినప్పుడు. ఆ పూటకి తిట్టుకుంటాం, మర్నాటికి మరిచిపోతాం. కాబట్టి ఈ చిట్కాల్లో కరెంటు గురించి ఎంత ఉందో మన అలవాట్ల గురించీ అంతే ఉంది.

అమెరికా ప్రభుత్వం 1976లో మొదలుపెట్టి దశాబ్దాలపాటు ఇంజనీరింగ్ కాలేజీల విద్యార్థులనూ ప్రొఫెసర్లనూ చిన్న, మధ్యతరహా కార్ఖానాలకు పంపించింది. ఇంధనం ఎక్కడ వృథా అవుతోందో వాళ్లు పైసా తీసుకోకుండా చూసి, చేయాల్సిన పనుల జాబితా రాసిచ్చేవారు. అందులో సుమారు సగం పనులే జరుగుతున్నాయని 2004లో ఒక అధ్యయనం తేల్చింది. ఆ రికార్డులనే 2013లో సురేశ్ ముత్తులింగం, మరో ముగ్గురు పరిశోధకులు ఇంకో కోణంలో చూశారు. జాబితాలో పైన రాసిన పనులు ఎక్కువగా జరిగాయి, కింద రాసినవి ఎక్కువగా మూలనపడ్డాయి. యజమానులు ఒకటీ రెండూ చేసి, మిగతావి 'తర్వాత చూద్దాం' అనుకున్నారన్నమాట. మనమూ అంతే. అందుకే ఇక్కడ ఖర్చు తక్కువై, ఫలితం త్వరగా కనిపించేవాటిని ముందు పెట్టాను. మొదటి మూడూ చేసి పత్రిక పక్కన పడేసినా నాకు అభ్యంతరం లేదు.

లెక్కల సౌకర్యం కోసం కమర్షియల్ యూనిట్ 10 రూపాయలు అనుకుందాం. మీ శ్లాబును బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది.

1. షట్టర్ దించాక మీటరు ముందు ఒక్క నిమిషం నిలబడండి.

ఎలక్ట్రానిక్ మీటరు మీద చిన్న ఎర్రలైటు మిణుకుమంటూ ఉంటుంది. దాని దగ్గర్లోనే ఒక అంకె అచ్చువేసి ఉంటుంది. కొన్ని మీటర్ల మీద 1600, కొన్నిటి మీద 3200. లైటు అన్నిసార్లు మిణుకుమంటే ఒక యూనిట్ కాలినట్టు. దుకాణం మూసేశాక, ఫ్రిజ్ కంప్రెసర్ ఆగి ఉన్న సమయం చూసి, ఫోన్‌లో ఒక నిమిషం టైమర్ పెట్టి మిణుకులు లెక్కపెట్టండి. 3200 మీటరులో నిమిషానికి 8 వచ్చాయనుకోండి. గంటకు 480, అంటే 0.15 యూనిట్. మీరు ఇంటికెళ్లి అన్నం తిని పడుకున్నా దుకాణంలో 150 వాట్లు కాలుతూనే ఉన్నాయి. పది గంటల రాత్రికి ఒకటిన్నర యూనిట్లు, నెలకు 45 యూనిట్లు, 450 రూపాయలు.

ఏం కాలుతోందో వెతికితే దొంగలు దొరుకుతారు. స్లీప్ మోడ్‌లోకి కూడా వెళ్లకుండా వేడిగా కూర్చున్న జిరాక్స్ మిషన్, పాత బ్యాటరీని తెల్లార్లూ చార్జి చేసే ఇన్వర్టర్, ఎవరూ చూడని గ్లో సైన్ బోర్డు, స్విచ్ తియ్యని టీవీ సెట్‌టాప్ బాక్సు, వాటర్ కూలర్.

ఇప్పుడు అసలు పని. 'రోజూ అన్నీ గుర్తుపెట్టుకుని ఆపుదాం' అని తీర్మానం చేసుకోవద్దు, రెండో వారానికే మరిచిపోతారు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి వైరింగ్ రెండుగా విడగొట్టించండి. రాత్రి ఉండాల్సిన ఫ్రిజ్, సీసీ కెమెరా ఒక ఎంసీబీ మీద ఉండాలి, దాని మీద ఎర్ర స్టిక్కర్ అంటించండి. మిగతావన్నీ ఇంకో ఎంసీబీ మీద. ఆ రెండోది షట్టర్ పక్కనే పెట్టించి, తాళంచెవులు తగిలించే మేకు సరిగ్గా దాని కిందే కొట్టండి. తాళంచెవులు తీసుకోవాలంటే చెయ్యి అక్కడికే వెళ్తుంది. తాళం వేయడం ఎవరూ మరిచిపోరు కదా, ఆ అలవాటుకే దీన్ని ముడివేశాం.

2. పోతున్న డబ్బును మీ సరుకులో లెక్కగట్టండి.

'పది శాతం ఇంధన పొదుపు' అంటే ఎవరికీ ఏమీ అనిపించదు. పై లెక్కలోని 450 రూపాయలే తీసుకోండి. ఒక పాల ప్యాకెట్ మీద మీకు ఎంత మిగులుతుందో మీకు తెలుసు. టిఫిన్ సెంటర్ అయితే ప్లేటు ఇడ్లీ మీద ఎంత మిగులుతుందో తెలుసు. 450ని ఆ అంకెతో భాగించండి. వచ్చిన సంఖ్య ఎంతో, నెలకు అన్ని ప్యాకెట్లు, అన్ని ప్లేట్లు ఉత్తపుణ్యానికి అమ్ముతున్నారు. దాన్ని కాగితం మీద రాసి గల్లాపెట్టె మూత లోపల అంటించండి.

'మిగులుతాయి' అని రాయకండి, 'పోతున్నాయి' అనే రాయండి. వంద రూపాయలు దొరికిన సంతోషం కన్నా వంద పోగొట్టుకున్న బాధ మనిషికి ఎక్కువని డేనియల్ కానెమన్, ఏమస్ ట్వెర్‌స్కీ 1979లోనే సిద్ధాంతంగా రాశారు. కానెమన్‌కు 2002లో నోబెల్ కూడా వచ్చింది. గల్లాలో పది రూపాయలు తేడా వస్తే రాత్రి నిద్రపట్టని వాళ్లకు ఈ సిద్ధాంతం ఎవరూ నేర్పక్కర్లేదు. మీటరులో పోయేది మాత్రం గల్లాలో తేడాగా కనిపించదు. దాన్ని కనిపించేలా చేయడమే ఈ కాగితం పని.

3. కంపెనీ ఇచ్చిన ఫ్రిజ్‌కు కరెంటు కట్టేది మీరే.

కూల్‌డ్రింకుల వాళ్లు, ఐస్‌క్రీముల వాళ్లు గాజు తలుపు ఫ్రిజ్‌లు, డీప్ ఫ్రీజర్లు ఊరికే ఇచ్చి వెళ్తుంటారు. వాళ్లకు కావాల్సింది తమ బొమ్మ రోడ్డు మీదికి కనపడటం. అందుకే దాన్ని దుకాణం ముందుకు, ఎండకు ఎదురుగా పెట్టిస్తారు. ఇచ్చింది వాళ్లు, బిల్లు మీది. పెట్టె ఊరికే వచ్చింది కాబట్టి అది ఎంత గుంజుతుందో అడగాలని మనకూ తోచదు.

ఒక పూట దాని మీద పెట్టండి. వెనకా పక్కలా గాలి ఆడేందుకు జానెడు ఖాళీ ఉందా? చాలా దుకాణాల్లో ఆ సందులో ఖాళీ సీసాల క్రేట్లు, గోనెసంచులు కుక్కి ఉంటాయి. లోపలి నుంచి గుంజిన వేడిని బయటికి వదలాల్సిన చోటు అదే. అది మూసుకుపోతే కంప్రెసర్ ఆగకుండా కొట్టుకుంటుంది. తర్వాత తలుపు రబ్బరు చూడండి. పది రూపాయల నోటు సగం లోపల, సగం బయట ఉండేలా తలుపు వేసి లాగండి. గట్టిగా పట్టుకుంటే రబ్బరు బాగున్నట్టు, జారి వచ్చేస్తే చల్లదనం అక్కడి నుంచే కారిపోతున్నట్టు. నాలుగు పక్కలా అలాగే చూడాలి, కింది మూలలే ముందు పాడవుతాయి. రబ్బరు మార్చమని కంపెనీ సర్వీసుకు ఫోన్ చేయండి. పెట్టె వాళ్లదే కాబట్టి అడిగే హక్కు మీకుంది.

డీప్ ఫ్రీజర్ గోడలకు మంచు అంగుళం మందం పేరుకునేదాకా ఆగొద్దు, వేలెడు లావు కాకముందే కరిగించేయండి. గాజు తలుపు ఫ్రిజ్ లోపలి ట్యూబ్ లైటును దుకాణం మూసేటప్పుడు ఆపేయండి. వేడి తగ్గని పెరుగు గిన్నెలు, పాలు అందులో పెట్టకండి. వీలైతే రోడ్డు మీది ఎండ పడని వైపుకు జరపండి. కంపెనీ మనిషి వచ్చి సణుగుతాడు, సణగనివ్వండి.

4. ఫ్యాను కాలిపోకముందే, కాలితే ఏం చేస్తారో రాసి పెట్టుకోండి.

మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్ల దాకా తీసుకుంటుంది. బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల దగ్గర తిరుగుతుంది. రోజుకు 12 గంటలు తిరిగే దుకాణంలో తేడా నెలకు 16 యూనిట్లు, 160 రూపాయలు. 3,000 పెట్టి కొన్నా ఏడాదిన్నర దాటాక కొద్దిరోజులకే డబ్బు తిరిగొస్తుంది. సీలింగ్ ఫ్యాన్లకు 2023 జనవరి నుంచి స్టార్ లేబుల్ తప్పనిసరి, కాబట్టి పోల్చుకోవడం కష్టమేమీ కాదు.

అయినా ఎందుకు కొనం? ఫ్యాను పోయేది ఏప్రిల్ మధ్యాహ్నం, దుకాణం నిండా గిరాకీ ఉన్నప్పుడు. అప్పుడు నెట్‌లో స్టార్లు చూసే ఓపిక ఎవరికి? కుర్రాడి చేతికిచ్చి వైండింగ్ షాపుకు పంపిస్తాం, సాయంత్రానికి అదే ఫ్యాను మళ్లీ తిరుగుతుంది. అప్పుడు నిర్ణయం తీసుకునే టైం దొరకదు కాబట్టి, నిర్ణయం ముందే తీసుకోవాలి. 'ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను' అని ముందే ఖాయం చేసుకున్నవాళ్లు 'చెయ్యాలి' అని మాత్రం అనుకున్నవాళ్ల కన్నా ఎక్కువగా పని పూర్తి చేస్తారని పీటర్ గాల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చూపించాడు. పాలవాడి లెక్క రాసుకునే గోడ క్యాలెండర్ మీదే ఇలా రాయండి: 'ఈ ఫ్యాను పోతే వైండింగ్‌కు పంపం. ఫలానా షాపులో ఫలానా మోడల్ తెస్తాం.' షాపు ఫోన్ నంబరూ పక్కనే రాయండి.

డబ్బు అడ్డమైతే నెలనెలా కట్టే చిట్టీ పాటలోంచి తీయండి. గిరిగిరి ఫైనాన్స్ అప్పు తెచ్చి మాత్రం కొనకండి, ఫ్యాను మిగిల్చేదంతా వడ్డీకే పోతుంది. ట్యూబ్ లైట్లయితే ఇంత ఆలోచన కూడా అక్కర్లేదు. పాత చోక్ ట్యూబు 55 వాట్లు, ఎల్ఈడీ ట్యూబు 20. రోజుకు 12 గంటలు వెలిగేచోట రెండు మూడు నెలల్లో ఖర్చు వచ్చేస్తుంది. ఇంకా చోక్ ట్యూబు వెలిగిస్తున్నారంటే అది దుకాణంలో ఎక్కడో వెనక గదిలో ఉండి ఉంటుంది, వెళ్లి చూడండి.

5. ఏసీ రిమోట్ సొరుగులో పెట్టండి.

2020 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే ప్రతి రూమ్ ఏసీ ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలని కేంద్రం నిబంధన తెచ్చింది. తగ్గించుకోవద్దని ఎవరూ అనలేదు. మొదలయ్యే అంకె మార్చారు, అంతే. మనిషి ఎదురుగా ఉన్నదాన్ని అలాగే వదిలేస్తాడన్న నమ్మకం మీద చేసిన చట్టం ఇది. డిగ్రీ పెంచిన కొద్దీ సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతుంది.

బ్యూటీ పార్లర్లలో, మొబైల్ షాపుల్లో, చిన్న క్లినిక్కుల్లో రిమోట్ కౌంటర్ మీదే పడి ఉంటుంది. ఎండలోంచి వచ్చినవాళ్లు 18 నొక్కుతారు. 18 పెడితే గది త్వరగా చల్లబడుతుందన్నది అపోహ. మామూలు ఏసీ ఎంత పెట్టినా ఒకే వేగంతో చల్లబరుస్తుంది, 18 పెడితే ఆగకుండా నడుస్తుంది అంతే. రిమోట్‌ను సొరుగులో వేసి, 26 దగ్గర పెట్టి, పైన ఫ్యాను తిప్పండి. వచ్చినవాళ్లకు మొదట కావాల్సింది ముఖానికి గాలి. తలుపుకు స్ప్రింగు కూడా వేయించండి, 'తలుపు మూయండి' అన్న బోర్డు ఎవరూ చదవరు.

6. దసరాకు ఆయుధ పూజ ఎలాగూ చేస్తారు, ఆ ముందురోజు వాడుకోండి.

సర్వీసింగ్ క్రమం తప్పకుండా చేయించాలని మిషన్ల పుస్తకాల్లో ఉంటుంది, ఎవరూ చేయించరు. ఆయుధ పూజకు మాత్రం కుషాయిగూడ లేత్ షాపు నుంచి దమ్మాయిగూడ పంక్చర్ షాపు దాకా ప్రతి మిషన్నూ తుడిచి, కడిగి, పసుపు కుంకుమ పెడతాం. ఆ ఉత్సాహంలోనే ఇంకో గంట పని కలపండి. ఫ్రిజ్ వెనక కాయిల్ మీది దుమ్ము బ్రష్షుతో దులపాలి. ఏసీ ఫిల్టర్లు కడగాలి. ఫ్యాను రెక్కల మీది నూనె జిడ్డు తుడవాలి, టిఫిన్ సెంటర్లలో అది పొరలు పొరలుగా పేరుకుపోయి ఉంటుంది. మోటారు బెల్టు బిగువు చూడాలి. పంక్చర్ షాపు గాలి కంప్రెసర్ పైపుల మీద సబ్బునీళ్లు పోస్తే ఎక్కడ బుడగలొస్తే అక్కడ గాలి కారుతున్నట్టు. ఎండాకాలం మొదట్లో ఉగాది ఉంది, రెండోసారి అప్పుడు చేయండి. పండుగ తర్వాతో, కొత్త సంవత్సరం మొదలయ్యాకో మనుషులు కొత్త పనికి సులువుగా పూనుకుంటారని పరిశోధకులు 2014లో పత్రం రాశారు. మన పెద్దలు పండుగలకు ఇల్లు దులిపించడం ఎప్పటినుంచో ఉన్నదే.

దీపావళికి కొత్త పద్దుపుస్తకం తెరిచేవాళ్లు మొదటి పేజీలో కిందటేడాది పన్నెండు నెలల యూనిట్లు రాసుకోండి. ఎనిమిది, తొమ్మిది చిట్కాలకు అవి కావాలి.

7. గిర్నీ ఖాళీగా తిరుగుతుంటే పిండి రాదు, బిల్లు వస్తుంది.

పిండి గిర్నీ నడిపేవాళ్లకు ఇది. ఒకామె రెండు కిలోల జొన్నలు తెస్తుంది. పట్టి ఇచ్చేలోపు ఇంకొకరు వస్తారేమోనని మోటారు ఆపరు. పది నిమిషాలు గడుస్తాయి. రాళ్లు ఖాళీగా తిరుగుతూనే ఉంటాయి, బెల్టు చప్పుడు చేస్తూనే ఉంటుంది. అడిగితే వచ్చే జవాబు: 'ఆపి మళ్లీ ఆన్ చేస్తే ఎక్కువ కరెంటు గుంజుతుందన్నా.' స్టార్ట్ అయ్యేటప్పుడు ఆంపియర్లు పెరిగే మాట నిజమే. కానీ అది కొన్ని సెకన్ల పాటే, యూనిట్లలో చూస్తే లెక్కలోకే రాదు. పది నిమిషాల ఖాళీ తిరుగుడు దానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. అయితే నిమిషానికోసారి ఆపుతూ వేస్తూ ఉంటే స్టార్టరూ మోటారూ దెబ్బతింటాయి, అదీ చేయకూడదు.

దారి మధ్యలో ఉంది. 'పిండి పట్టే వేళలు: ఉదయం 9 నుంచి 11, సాయంత్రం 5 నుంచి 8' అని పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టండి. మిగతా వేళల్లో డబ్బాలు పేరు రాసి వరసలో పెట్టించుకోండి. గిరాకీ పోతుందని భయపడేవాళ్లు మొదట మధ్యాహ్నం రెండు గంటలు మాత్రం ఆపి చూడండి. కారం, శనగపిండి, గోధుమలు వేరువేరుగా ఒక్కో విడత పెడితే రాళ్లు తుడిచే పనీ తగ్గుతుంది. బెల్టు వదులైతే జారుతుంది, బొటనవేలితో నొక్కి చూస్తే తెలుస్తుంది. మోటారు ఇప్పటికే రెండు మూడుసార్లు రీవైండింగ్ అయి ఉంటే నాలుగో చిట్కాలాగే దీనికీ ముందుగానే నిర్ణయం రాసుకోండి.

చర్లపల్లి, నాచారం, మల్లాపూర్‌లలో లేత్, వెల్డింగ్ పనులు చేసేవాళ్లు బిల్లులో యూనిట్లు ఏ లెక్కన వేస్తున్నారో చూసుకోవాలి. కేవీఏహెచ్ అని ఉంటే పవర్ ఫ్యాక్టర్ తగ్గిన కొద్దీ యూనిట్లు పెరుగుతాయి. కెపాసిటర్ పనిచేస్తోందా, పేరుకు మాత్రం గోడకు వేలాడుతోందా అన్నది మంచి ఎలక్ట్రీషియన్ పది నిమిషాల్లో చెబుతాడు.

8. పనిచేసే పిల్లలకు జరిమానా వేయకండి, అంకె చూపించండి.

స్విచ్చులు వేసేదీ తీసేదీ మీరు కాదు, పనివాళ్లు. బిల్లు వాళ్లు చూడరు. స్విచ్ బోర్డు పక్కన కిందటేడాది ఇదే నెల యూనిట్లు, ఈ నెల ఇప్పటిదాకా అయిన యూనిట్లు చాక్‌పీసుతో రాయండి, వారానికోసారి మార్చండి. ఢిల్లీ శివార్ల అపార్ట్‌మెంట్లలో అనంత్ సుదర్శన్ అనే ఆర్థికవేత్త ఇలాంటి ప్రయోగమే చేశాడు. ఇరుగుపొరుగుతో పోలుస్తూ వారంవారం చీటీ ఇస్తే వేసవి వాడకం సుమారు 7 శాతం తగ్గింది. అదే చీటీకి డబ్బు ఆశ కూడా జోడిస్తే ఆ ఫలితం కాస్తా ఆవిరైంది. అది ఇళ్ల మీద చేసిన ప్రయోగం, దుకాణాలకు అచ్చంగా అలాగే వర్తిస్తుందని అనలేం. అయినా 'తగ్గిస్తే యాభై ఇస్తా' అనేకన్నా 'ఈ వారం నువ్వు చూసుకున్నావు కాబట్టే తగ్గింది తమ్ముడూ' అన్న మాటకు బలమెక్కువని నా అభిప్రాయం.

పక్క దుకాణంతో పోల్చుకోవడమూ మంచిదే, కాకపోతే సాటి వ్యాపారంతోనే. బేకరీని పాన్ డబ్బాతో పోలిస్తే ఇద్దరూ నవ్వుకుంటారు. ఒక హెచ్చరిక కూడా. కాలిఫోర్నియాలో చేసి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, సగటు కన్నా తక్కువ వాడుతున్నామని తెలుసుకున్న ఇళ్లవాళ్లు ధీమాగా వాడకం పెంచేశారు. చీటీ మీద నవ్వు బొమ్మ వేసి మెచ్చుకుంటే ఆ పెరుగుదల ఆగింది.

9. లక్ష్యం అందీ అందనట్టు ఉండాలి.

'బిల్లు సగం చేస్తా' అని శపథం చేసినవాడు రెండో నెలకు ఆ ఊసే ఎత్తడు. ఈ విషయంలో మనకు ఇంటి దగ్గరి కథే ఉంది. హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలాండ్ 1964లో కాకినాడ నుంచి చిన్న వ్యాపారులను హైదరాబాద్ యూసుఫ్‌గూడలోని ఎస్ఐఈటీ సంస్థకు రప్పించి శిక్షణ ఇప్పించాడు. ఇవాళ్టి ఎన్ఐ-ఎంఎస్ఎంఈ ఆ సంస్థే. ఆ శిక్షణ కరెంటు గురించి కాదు, వ్యాపారంలో ఎదగాలన్న పట్టుదల గురించి. అక్కడి శిక్షణ పద్ధతుల్లో ఒకటి రింగులు విసిరే ఆట: గూటానికి ఎంత దూరం నుంచి విసురుతారో మీ ఇష్టం. మరీ దగ్గర నిలబడేవాళ్లు, మరీ దూరం నిలబడేవాళ్లు పెద్దగా ఎదగరనీ, కష్టపడితే తగిలే దూరం ఎంచుకునేవాళ్లే ఎదుగుతారనీ మెక్లెలాండ్ వాదం. డేవిడ్ వింటర్‌తో కలిసి 1969లో ఈ ప్రయోగం మీద పుస్తకం కూడా రాశాడు.

అదే కొలత ఇక్కడా పెట్టుకోండి. లక్ష్యాన్ని రూపాయల్లో కాకుండా యూనిట్లలో రాయండి, రూపాయలైతే టారిఫ్ మారినప్పుడు లెక్క తప్పుతుంది. కిందటి నెలతో పోల్చవద్దు, మార్చితో మేని పోల్చడం అన్యాయం. కిందటేడాది ఇదే నెలతో పోల్చండి. పది శాతం తక్కువ పెట్టుకోండి. అందితే మరో ఐదు.

10. ఉచిత యూనిట్లు ఎవరికి వర్తిస్తాయో వాళ్లే వాడుకోండి.

సెలూన్లకు, లాండ్రీ షాపులకు, ధోబీఘాట్లకు నెలకు 250 యూనిట్ల ఉచిత విద్యుత్తును తెలంగాణ ప్రభుత్వం 2021 ఏప్రిల్ నుంచి ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ పథకానికి అర్హత ఉండి కాగితాలకు బద్ధకించి దరఖాస్తు వదిలేసినవాళ్లు ఉంటే, ఆదివారం ఒక పూట కేటాయించి డిగ్రీ చదివే మీ అబ్బాయినో అమ్మాయినో పక్కన కూర్చోబెట్టుకుని ముగించేయండి.

2024లో వచ్చిన గృహజ్యోతి 200 యూనిట్లు ఇంటి మీటరుకే. కింద షట్టరూ పైన ఇల్లూ ఉన్నవాళ్లకు పైనుంచి ఒక వైరు కిందికి దించితే చాలు కదా అనిపిస్తుంది. దించకండి. గృహ కనెక్షన్‌ను వ్యాపారానికి వాడటం విద్యుత్ చట్టం 2003లోని సెక్షన్ 126 కిందికి వస్తుంది, రెట్టింపు రేటుతో లెక్కగట్టి వసూలు చేస్తారు.

11. అద్దె అగ్రిమెంటు రాసుకునే రోజునే పైకప్పు మాట ఎత్తండి.

రేకుల షెడ్డు కింద మధ్యాహ్నం ఎన్ని ఫ్యాన్లు వేసినా వేడిగాలే తిరుగుతుంది. పైన తెల్లటి కూల్ రూఫ్ రంగో, కనీసం సున్నమో వేస్తే కింద తేడా తెలుస్తుంది. తెలంగాణకు 2023–28 కాలానికి ప్రత్యేకంగా కూల్ రూఫ్ పాలసీయే ఉంది. చిక్కల్లా కప్పు ఇంటి ఓనరుది, బిల్లు అద్దెదారుది. ఓనరుకు రంగు ఖర్చే కనపడుతుంది, చల్లదనం కనపడదు. మధ్యలో అడిగితే 'చూద్దాంలే' అంటారు. పదకొండు నెలల అగ్రిమెంటు తిరగరాసే రోజున, అద్దె పెంచుతామని ఆయన నోరు తెరిచినప్పుడు, 'సరే అంకుల్, పెంచండి, పైన రంగు వేయించండి' అనండి. ఆ ఒక్కరోజే మీ మాటకు విలువ.

12. తక్కువ కాలుతోంది కదా అని ఎక్కువ వాడకండి.

గుజరాత్ కార్ఖానాల్లో నికొలస్ రయన్ అనే ఆర్థికవేత్త, కొన్నిటికి నిపుణుల సలహా ఇప్పించి, మిగతావాటితో పోల్చాడు. సలహా అందుకున్నవాటి కరెంటు వాడకం తగ్గలేదు. అవి ఎక్కువ గంటలు నడిచాయి. వ్యాపారం పెరిగి కాలితే సంతోషమే. ఖాళీ దుకాణంలో 'బీఎల్‌డీసీయే కదా' అని తిరిగే ఫ్యాను సంగతి వేరు.

13. వర్తక సంఘాల వాళ్లకు ఒక మాట.

డిసెంబరు 14 జాతీయ ఇంధన పొదుపు దినం. ఆ రోజు ఫ్లెక్సీ కట్టి ఉపన్యాసం పెట్టే డబ్బుతో ఒక ఎలక్ట్రీషియన్‌ని వారం రోజులు మాట్లాడుకోండి. బ్రిటన్‌లో అటకల మీద వేడి ఆపే పొర వేసుకోమని ప్రభుత్వం రాయితీ ఇచ్చినా జనం ముందుకు రాలేదు. ఎందుకంటే అటకల నిండా పాత సామాను. దాన్ని దించిపెట్టే మనుషులను కూడా పంపిస్తామంటే, ఆ పనికి డబ్బు కట్టాల్సి వచ్చినా, ఒప్పుకున్నవాళ్లు పెరిగారు. మన దగ్గర ఆ పాత సామాను ఫ్రిజ్ వెనక క్రేట్లు. గల్లీ గల్లీకీ మనిషిని పంపి, క్రేట్లు జరిపించి, మొదటి చిట్కాలోని రెండో ఎంసీబీ అక్కడికక్కడే బిగించి వస్తే సగం పని అయినట్టే. వరంగల్ రైస్ మిల్లుల దగ్గర బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ అధ్యయనం చేయించింది కూడా ఇలా ఒకే వ్యాపారం ఒకేచోట గుంపుగా ఉందనే. ఒక మిల్లులో పనికొచ్చింది పక్క మిల్లువాడు కళ్లారా చూస్తాడు.

14. సోలార్.

అందరూ మొదట అడిగేది ఇదే, కావాలనే చివర పెట్టాను. పీఎం సూర్యఘర్ రాయితీ ఇళ్లకే, దుకాణాలకు లేదు. పైన ఇల్లున్నవాళ్లు ఆ మీటరుకు పెట్టించుకోవచ్చు. దుకాణానికి సొంత డబ్బుతో పెట్టించాలనుకుంటే, పై పనులన్నీ అయ్యాక ఆరు నెలలు మీటరు చూడండి. నెలకు 400 యూనిట్లు కాల్చే దుకాణం 300కు దిగితే కావాల్సిన ప్యానెళ్లూ పావు వంతు తగ్గుతాయి. కొటేషన్ అప్పుడు అడగండి.